దానమొచ్చిన టైర్లు

లైసెన్సు రెన్యువల్ పనిమీద బుధవారం పొద్దున్నే కిందికి పోయి, గురువారం మధ్యాహ్నం కొండమీది ఊరికి కాలినడకన తిరిగొచ్చిన డ్రైవరమ్మకి, షెడ్డులో తన జీపు బదులు ఇంకెవరి జీపో నిలబడి ఉన్నట్టు అనిపించింది. రంగు అదే. ముందద్దం మూలనున్న పగులు అదే. మొగుడు చేత్తో అతికించిన ఇనుప బంపరూ అదే. కాళ్ళే మారిపోయాయి.

నాలుగు కొత్త టైర్లు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్కొక్కటీ తిరగలిరాయంత మందాన ఉంది. పక్కలమీద తెల్లటి పెద్దక్షరాలు. మడ్గార్డు రేకు దాటి జానెడు బయటికి పొడుచుకొచ్చి, చిన్నపిల్లాడు తొడుక్కున్న నాన్న బూట్లలా ఉన్నాయి. తలుపుమీద ఎర్రరంగుతో బైపాసు రోడ్డు టైర్ల షావుకారి షాపు పేరు, దానికింద ఫోన్ నంబరు.

ఆమె మొగుడు వెల్డరు. గోనెపట్టా మీద గొంతుక్కూర్చుని ఒక టైరుని పాతగుడ్డతో తుడుస్తున్నాడు. పెళ్ళాన్ని చూసి లేచి, పెళ్ళిచూపుల్లో పిల్లని చూపించే పెద్దమనిషిలా పక్కకి తప్పుకున్నాడు.

"ఎలా ఉంది?"

"నా టైర్లేవి?"

"అవింకెందుకే, అరిగిపోయినవి. షావుకారు పట్టుకుపోయాడు. ఇవి చూడు, ముప్పైమూడు అంగుళాల ఎత్తు, పన్నెండున్నర వెడల్పు. రిమ్ములతో సహా ఊరికే ఇచ్చాడు."

"ఎందుకని అడగలేదు నేను. ఏవని అడిగాను."

వెల్డరు గుడ్డ దులుపుకున్నాడు. "బుధవారం వచ్చాడు. తన మనుషుల్నే తెచ్చుకున్నాడు. సావిడి ముందు బండి నిలబెట్టి ఫోటో తీయించుకున్నాడు. కమిటీ అధ్యక్షుడు మీ అన్నయ్యే సంతకం పెట్టాడు. నేనేమనను?"

"నా పెళ్ళాం వచ్చాక చూద్దాం అనొచ్చు. నీ నోట్లో వెల్డింగు కడ్డీ ఏమన్నా అడ్డంపడిందా?"

"దానమిచ్చిన ఆవుకి పళ్ళు పట్టి చూస్తామా ఏంటే."

"ఆవుకి పళ్ళు లేకపోతే ఆవు చస్తుంది. దీనికి పళ్ళు లేకపోతే ఎక్కినోళ్ళు చస్తారు." ఆమె వంగి టైరు గాడిలో వేలు పెట్టింది. వేలు లోపలికి పోలేదు. గాళ్ళన్నీ ఇరుగ్గా, ముగ్గు గీతల్లా వంకర్లు తిరిగి, దగ్గరదగ్గరగా ఉన్నాయి. "ఇందులో మన మట్టి ఒక్కసారి కూరుకుందంటే మళ్ళీ వదలదు. అప్పుడిది టైరు కాదు, అప్పడాల కర్ర."

ఆ జీపు ఊరి బండి. అరవై గడపల ఊరు అది. వాగు వంతెన కొట్టుకుపోయాక బస్సు రావడం మానేస్తే, అందరూ తలా ఇంత వేసుకుని పాత జీపొకటి కొని, దాని మంచిచెడ్డలకి ఒక కమిటీ వేసుకున్నారు. వెల్డరు దాని స్ప్రింగు పట్టీలు మార్చి జానెడు పైకి లేపాడు, పొగగొట్టం రేకుమీదికి తిప్పాడు, ముందు నాలుగు పేటల ఇనుము అతికాడు. నడపడానికి ఊళ్ళో మగవాళ్ళంతా వంతులవారీగా ప్రయత్నించి, వంతులవారీగా ఒక్కోచోట గుద్ది, చివరికి మాట్లాడకుండా తాళాలు ఆమె చేతిలో పెట్టారు. ఆరేళ్ళయింది. ఎరువుల బస్తాలు, గ్యాసు బండలు, నెలలు నిండినవాళ్ళు, పరీక్షలకెళ్ళే పిల్లలు, అందరూ ఆ బండిమీదే.

మంగళవారం, శుక్రవారం మాత్రం ఆమె సొంత అన్నయ్య. ఊరు లెక్కల మాస్టారు అంటుంది. కిడ్నీలు రెండూ పనిమానేసి రెండేళ్ళు. వారానికి రెండుసార్లు కింద ఆసుపత్రిలో యంత్రానికి తగిలించి నాలుగు గంటలసేపు రక్తం కడగాలి. ఒక్కసారి తప్పితే ఒళ్ళు ఉబ్బుతుంది. రెండుసార్లు తప్పితే నీరు ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. ఇంకో పది రోజుల్లో వానలు. వానలు మొదలైతే మూడు నెలలు దారంతా బురదే.

అందుకే ఆమె మూడు నెలలుగా కమిటీలో చెప్పిందే చెబుతోంది. టైర్లు మార్చాలి, కానీ మళ్ళీ ఆ రకమే వెయ్యాలి. ఏడున్నర వెడల్పు, పదహారు రిమ్ము, ఎత్తుగా సన్నగా, పళ్ళు ఎడమెడంగా ఉండేవి. పాలవ్యాన్లకి వేసేవి. చూడ్డానికి కొంగకాళ్ళలా ఉంటాయి, నిజమే. కానీ ఆ దారిలో పైన బెత్తెడు జిగటమట్టి, దానికింద గట్టి రాతినేల. సన్నటి టైరు మట్టిని కోసుకుంటూ పోయి రాతిని పట్టుకుంటుంది. వెడల్పుది మట్టిమీద తేలుతుంది. తేలాక ఎటు పోతుందో దానికే తెలీదు. ఇసుకలోకైతే ఆ వెడల్పు మంచిదే. తమ ఊళ్ళో ఇసుక వాగులో తప్ప లేదు. వాగులో ఎవరూ కాపురముండటం లేదు.

"సున్నం తీసుకురా," అంది మొగుడితో.

"ఎందుకు?"

"నీ తలకి పూయడానికి. తీసుకురా."

తడిపిన సున్నం ముందు టైరంతా పూయించింది. ఎడమ చక్రాన్ని షెడ్డు పక్కనున్న రాతిదిమ్మ ఎక్కించి, స్టీరింగు ఆ చివరినుంచి ఈ చివరిదాకా నాలుగుసార్లు తిప్పి, ఇంజను ఆపి దిగింది. టైరు ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ తెల్లగా అంటుకుంటుంది. రేకు అంచున అంటుకుంది. అది పెద్ద విషయం కాదు, రేకు కోసెయ్యొచ్చు. ఆమె కిందికి దూరి, చేయి చాపి, వెల్డరు మెడ పట్టుకుని లోపలికి వంచింది.

బ్రేకాయిలు పోయే రబ్బరు గొట్టం మీద వేలెడు పొడవున తెల్లటి చార.

వెల్డరు ఆ చారని బొటనవేలితో తుడిచాడు. చేతిపనివాడు. తను బిగించినదానికి తనే సిగ్గుపడటం తెలిసినవాడు. "గొట్టం పక్కకి కట్టేస్తాను," అన్నాడు చివరికి. "స్టీరింగు అంతదూరం తిరక్కుండా హద్దు బోల్టు బయటికి లాగుతాను."

"స్టీరింగు నిండా తిరక్కపోతే గూనిమలుపు ఎలా తిప్పను?"

"ఒకసారి వెనక్కి తీసుకుని..."

"ఒకపక్క లోయ. తడిమట్టి. వెనక్కి తీసుకుని." ఆమె ఒక్కో మాటా విడదీసి అంది. "పైన పటారం, లోన లొటారం. సరే కట్టు. రేపు శుక్రవారం. వేరే కాళ్ళు లేవుగా నా బండికి."

అక్కణ్ణుంచి విసవిసా అన్నయ్య ఇంటికి నడిచింది.

మాస్టారు కిటికీ పక్క మంచంమీద, ఎడమచేయి దిండుమీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతికే సూదులు గుచ్చేది. పక్కన స్టూలుమీద చిన్న స్టీలుగ్లాసు. రోజుకి అలాంటివి నాలుగు గ్లాసుల నీళ్ళే తాగాలి. మూడోది సగం అయింది.

"రా బుల్లీ. లైసెన్సు పనయిందా?"

"మేకు మొనదేలి ఎందుకుంటుంది అన్నయ్యా?"

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఆరో తరగతిలో నువ్వే చెప్పావు. బరువొకటే, ఆనే చోటు తగ్గేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, దిగుతుంది. ఆనే చోటు పెరిగితే దిగదు. బల్లమీద మేకుని తిరగేసి కొట్టి చూపించావు. నాకా వయసులో అర్థమయింది, నీకీ వయసులో అర్థం కాలేదా? ఎందుకు పెట్టావు సంతకం?"

"ఊరికే వస్తున్నప్పుడు కాదంటే బాగుండదే."

"ఎవరికి బాగుండదు?"

"ఊరికి. వాహనం ఊరిది కదా. వాళ్ళు సంతోషపడ్డారు. పిల్లలు ఎక్కి గంతులేశారు."

"గంతులేసేవాళ్ళు రేపు వచ్చి తోస్తారా? ఈ ఊరికి మెదడు లేదనుకున్నా సరే. నువ్వు తెలిసే పెట్టావు. తెలిసి పెట్టావు చూడూ, అదే నాకు మండుతోంది."

"కోపం తెచ్చుకోకు. ఎలాగోలా నడుస్తుంది."

"ఎలాగోలా నడిపేది నేను," అని, ఇంకా ఉంటే ఏమంటుందో తనకే తెలియక బయటికొచ్చేసింది. చిన్నప్పటినుంచీ అతను తెలివితక్కువ పని చేయగా ఆమె చూడలేదు. అందుకే కోపం ఎక్కడ దించుకోవాలో తెలీలేదు. ఇంటికెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. సాయంత్రం పది రోజుల ముందే వాన పడింది.

తెల్లారి ఆరింటికి బయల్దేరారు. ముందు సీట్లో మాస్టారు, వెనక వెల్డరు. పలుగూ పారా కొడవలీ రాళ్ళూ తాడూ వెనకే పడేశాడు. మొదటి మలుపు దాటేసరికే ఆమెకి అర్థమయింది. గాళ్ళలో మట్టి కూరుకుని టైరు గుండ్రాయిలా నున్నబడిపోయింది. స్టీరింగు తిప్పితే జీపు ఒక క్షణం ఆలోచించుకుని అప్పుడు తిరుగుతోంది. టైర్లలో గాలి సగానికి దించి చూశారు. పట్టు కాస్త పెరిగింది, కాస్తే. మాస్టారు పైనున్న కడ్డీ పట్టుకున్నాడు, కుడిచేత్తో.

గూనిమలుపు దగ్గర దారి తన మీదికి తానే మడతపడుతుంది. పాత టైర్లతో అయితే స్టీరింగు చివరిదాకా తిప్పి ఒక్క ఊపులో దిగేది. ఇప్పుడు తిరగలేదు. జీపు ముక్కు లోయవైపు పెట్టుకుని ఆగింది. వెనక్కి గేరు వేసి క్లచ్చి మెల్లగా వదిలింది. నాలుగు చక్రాలూ తిరిగాయి. జీపు వెనక్కి రాలేదు. ముందుకే జారింది, జానెడు.

"దిగు," అంది మొగుడితో, గొంతు పెంచకుండా.

వెల్డరు అప్పటికే దూకేశాడు. ముందు చక్రాల కింద రెండు రాళ్ళు తోసి, తన భుజం కూడా పెట్టాడు, జీపు ఆగేది భుజానికే అన్నట్టు. ఆమె ఇంజను ఆపి, చేతిబ్రేకు లాగి దిగి, బంపరుకి తాడు కట్టి, దాని చివర వెనక్కి తెచ్చి గట్టుమీది బండరాయికి బిగించింది. అప్పుడు ఊపిరి తీసుకుంది.

"పైకెళ్ళి పదిమందిని పిలుచుకురా. పారలు, తట్టలు. తెగిన వంతెన దగ్గర కంకరుంది, మొయ్యాలి. పరిగెత్తు."

వెల్డరు పరిగెత్తాడు. ఆమె అన్నయ్యని దింపి, గట్టుపక్క రాయిమీద గోనె పరిచి కూర్చోబెట్టింది. టైము ఆరున్నర దాటింది. ఎనిమిదింటికి అతని యంత్రం. తప్పితే ఇంకొకరికి తగిలిస్తారు.

ఆమె కొడవలి మొనతో గాళ్ళలో మట్టి తవ్వడం మొదలుపెట్టింది. వేలెడు గాడిలోంచి దోసెడు మట్టి వచ్చేది. ఒక గాడి అయ్యేసరికి రెండోది చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. ఏడవలేదు. తవ్వుతూ తిట్టింది. షావుకారిని తిట్టింది, ఫోటో తీసినవాణ్ణి తిట్టింది, ఆ టైరుమీద ముగ్గులేసినవాడి చేతుల్ని తిట్టింది.

"బుల్లీ," అన్నాడు మాస్టారు.

"మాట్లాడకు."

"చెప్పనీ. నిన్న అడిగావుగా ఎందుకు పెట్టానని."

ఆమె ఆగలేదు, కానీ తిట్టడం ఆపింది.

"ఒకరోజు సావిడి వెనకనుంచి వస్తున్నాను. లోపల కమిటీ వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఇది ఊరి బండా, మాస్టారి మంచమా అన్నారొకరు. అందరూ నవ్వారు. అబద్ధం కాదుగా. లెక్కేశాను నేను. నెలలో సగం ట్రిప్పులు నావే. ఇప్పుడు టైర్లు కూడా నా డయాలసిస్‌కి పనికొచ్చేవే ఎంచుకోవాలంటే... ఊరికి నచ్చినవి ఊరికే వస్తున్నాయి. వద్దు, నాకోసం పాలవ్యానువి కొనండి అని ఏ మొహంతో అడగను? అధ్యక్షుణ్ణి కూడానూ."

కొడవలి ఆగింది.

"ఎవరు?"

"ఎవరైతే ఏంటి."

"ఎవరన్నారు? పేరు చెప్పు."

"చెప్పను."

ఆమె లేచి నిలబడింది. మోచేతులదాకా ఎర్రటి మట్టి. "అంటే ఎవడో సావిడిలో పళ్ళికిలించాడని, నువ్వు పోయి లోయలో పడటానికి సంతకం పెట్టొచ్చావు. నీతోపాటు నన్నూ. నీ బావనీ. మేము ముగ్గురం చచ్చినా ఫరవాలేదు, నీ మొహం మాత్రం చెల్లాలి. అంతేనా?"

"అలా కాదే."

"ఎలా మరి? నీళ్ళగ్లాసు నాలుగుసార్లే అంటే నాలుగుసార్లే తాగుతావు. ఉప్పు ముట్టవు. రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకుంటావు. బతకాలని ఇంత ఉన్నవాడివి, నాకు బతకాలనుంది అని నలుగురిలో ఒక్కమాట అనలేవా? నేను మూడు నెలల్నుంచీ అరుస్తున్నాను ఆ కమిటీలో. నాకు సన్నవే అలవాటు, స్టీరింగు తేలిక, డీజిలు కలిసొస్తుంది, ఇలా సవాలక్ష చెప్పాను. నీ పేరెత్తకుండా చెప్పాను, నీకు చిన్నతనమని. నువ్వు నా పక్కనే కూర్చుని మౌనంగా మినిట్సు రాశావు."

మాస్టారు ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. ఆమెకి అతన్ని కొట్టాలనిపించింది. జబ్బు మనిషిని కొట్టలేక టైరుని కాలితో తన్నింది. టైరుకి ఏమీ కాలేదు. బొటనవేలు వాచింది.

పారలతో పదిమంది కాదు, పద్దెనిమిదిమంది వచ్చారు. కిరాణా కొట్టతను కొట్టు మూసి వచ్చాడు. కమిటీలో ఉన్న అయిదుగురూ వచ్చారు. కంకర మోశారు, మట్టి గీశారు, తాడు పట్టారు. ఆమె ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది, ఆ మాటన్న నోరు ఏదో తెలుసుకుందామని. అందరి మొహాలూ ఒకేలా చెమటతో మట్టితో ఉన్నాయి. అందరూ ఒకేలా లాగుతున్నారు. తిడదామంటే ఎవర్ని తిట్టాలో తెలీలేదు. అది ఇంకా మండింది.

"ఈ టైర్లు ఫోటోలో బాగున్నాయే," అన్నాడొకతను ఆయాసపడుతూ.

"ఇప్పుడూ బాగున్నాయిగా," అంది. "తియ్యి ఫోటో. నువ్వు కూడా పడు పక్కన."

జీపు తిరిగేసరికి ఎనిమిదిన్నర. ఆసుపత్రికి చేరేసరికి పది. నర్సు రిజిస్టరు మూసి, "ఎనిమిదింటి మెషిను ఎనిమిదింటికే సార్. మీకోసం అరగంట చూశాను," అంది. తిట్టినట్టు కూడా లేదు, అలసిపోయినట్టుంది. ఎవరో పెద్దావిడ మెషిను నుంచి త్వరగా దిగితే ఒంటిగంటకి తగిలించారు. నాలుగ్గంటలకి బదులు రెండున్నర. మిగిలిన నీరు ఒంట్లోనే ఉండిపోయింది. "మంగళవారందాకా నీళ్ళు మూడు గ్లాసులే. మంగళవారం మాత్రం తప్పకూడదు సార్. ఇంకోసారి ఇలా కుదరదు," అంది నర్సు, చేతికి పట్టీ వేస్తూ.

నాలుగింటికి జీపు తిన్నగా బైపాసు రోడ్డు మీదికి వెళ్ళి టైర్ల షావుకారి షాపు ముందు ఆగింది.

పెద్ద షాపే. ముందు వరసలో వెడల్పువి, తెల్లక్షరాలవి, నిలువుగా పేర్చి ఉన్నాయి. ట్రాక్టరువి, లారీవి, పాలవ్యానువి వెనక గోడవారగా. లారీవాళ్ళు నలుగురైదుగురు బల్లలమీద కూర్చుని ఉన్నారు. గాలియంత్రం డగడగమంటోంది. గల్లాపెట్టె వెనక గోడకి ఫోటో అప్పుడే అద్దం కట్టించి తగిలించారు. అందులో షావుకారు టైరుమీద చెయ్యేసి నవ్వుతున్నాడు. పక్కన మాస్టారు. ఆయన నవ్వలేదు.

"అక్కయ్యా, రండి రండి. ఎలా ఉన్నాయి మన బూట్లు?" అన్నాడు షావుకారు.

"నా పాత చక్రాలివ్వు."

"అవా? టైర్లు కోసేశాం కదక్కయ్యా. పశువుల తొట్టిలకి. రిమ్ములున్నాయి లోపల."

"అయితే ఆ రిమ్ములకి ఏడున్నరవి నాలుగు కొత్తవి ఎక్కించు. నీ వెడల్పువి తీసుకో. రెండు రోజులు నడిచాయంతే. అవి ఖరీదు, ఇవి చవక. నీకే మిగులు."

షావుకారు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మిగిలేదేముంది. ఊరికి దానమిచ్చాను. తలుపుమీద నా పేరుంది. నా పేరు రాసుకుని పాలవ్యాను టైర్లమీద తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు? ఈ షాపులో మంచి సరుకు లేదనుకోరూ? అయినా మీరు డ్రైవరు. ఇచ్చింది కమిటీకి. అధ్యక్షులవారే సంతకం చేశారు. ఆయన అడగాలి."

వెల్డరు మధ్యలోకొచ్చాడు. "బ్రేకుగొట్టానికి ఒరుసుకుంటోందయ్యా."

"నువ్వేగా నాయనా బాగుందన్నావు."

ఆమె వెళ్ళి జీపు తలుపు తెరిచింది. మాస్టారు కళ్ళు మూసుకుని వెనక్కి వాలి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"దిగు."

"నాకు ఓపిక లేదే. నువ్వు మాట్లాడు."

"నేను మాట్లాడను. నేను డ్రైవర్ని. సంతకం నీది, రక్తం నీది. నీ నోటితో నువ్వడుగు. అడక్కపోతే ఇక్కడే ఉంటుంది బండి. నేను బస్టాండులో పడుకుంటాను, నువ్వీ బూట్లు తొడుక్కుని కొండెక్కు."

"నలుగురున్నారే."

"నలుగురుండాలనే."

మాస్టారు దిగాడు. చేయందుకోబోయిన బావని వద్దన్నాడు. గల్లాపెట్టె దాకా నడిచి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. గాలియంత్రం మోతలో ఎవరికీ ఏమీ వినపడలేదు.

"ఏంటి మాస్టారూ?" షావుకారు చెవి ముందుకు పెట్టాడు.

మళ్ళీ అన్నాడు. మళ్ళీ వినపడలేదు. ఆమె గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్కడుగు వెయ్యలేదు. వెయ్యకుండా ఉండటానికి బొటనవేలు నేలకేసి నొక్కుకుంది, వాచినదే.

ముప్పై ఏళ్ళు అరవైమంది పిల్లల గోలమీద గొంతెత్తి పాఠం చెప్పిన మనిషి. ఆ గొంతు ఎక్కడో ఉంది. తీశాడు.

"నాకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈ టైర్లమీద నేను ఆసుపత్రికి రాలేకపోతున్నాను. ఇవాళ సగమే అయింది. నాకోసం సన్నవి కావాలి. ఊరికోసం కాదు. నాకోసం."

బల్లమీది లారీవాళ్ళు ఇటు తిరిగారు. ఒకతను లేచి తన కుర్చీ తెచ్చి మాస్టారి వెనక వేశాడు. షావుకారు ఫోటో వైపు చూశాడు, మాస్టారి చేతికున్న పట్టీ వైపు చూశాడు.

"ఆ మాట మొన్న ఒక్క ముక్క చెబితే పోయేదిగా మాస్టారూ," అన్నాడు విసుగ్గా. "నాకేం కలొస్తుందా? ఇంతదూరం వెడల్పువి మోసుకొచ్చి బిగించాను."

"ఫోటోలో వెడల్పువే ఉన్నాయిగా," అంది ఆమె గుమ్మంలోంచి. "అవి చూపించుకో. కొండెక్కి వచ్చి చూసేవాడెవడు."

"తలుపుమీద పేరు?"

"ఉంచుకో. ఇంకా పెద్దది రాసుకో."

షావుకారు గొణుక్కుంటూ మనిషిని పిలిచి గోడవారనున్న సన్నటి టైర్లు దొర్లించమన్నాడు. ఆమె ముందుకొచ్చి మొదటిదాన్ని ఆపింది. గాడిలో రెండు వేళ్ళు కలిపి పెట్టి చూసింది, పోయాయి. పక్కగోడని గోటితో నొక్కింది. రబ్బరు గోరుకి లొంగింది. సరే అంది. రెండోదీ సరే అంది. మూడోది గోరుకి రాయిలా తగిలింది, ఎండకి బిరుసెక్కిందేమోనని సందేహించి తిప్పి చూస్తోంది.

"దాన్నిలా తీసుకురా," అన్నాడు మాస్టారు కుర్చీలోంచి.

మనిషి దొర్లించాడు. మాస్టారు ముందుకి వంగి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, టైరు పక్కన చిన్న గుండ్రటి గళ్ళలో ఉన్న నాలుగంకెలు వేలితో తడిమాడు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైరు పుట్టిన తేదీ. మనసులో తీసివేత చేసుకున్నాడు.

"ఏడేళ్ళు దాటింది దీనికి," అన్నాడు.

"నీడలోనే ఉంది మాస్టారూ, గాలి తగలకుండా. కొత్తదాని కింద లెక్కే," అన్నాడు షావుకారు.

"కాదు. ఇది వద్దు. నాకు ఈ సంవత్సరానివే కావాలి." మాస్టారు కళ్ళద్దాలు తీయలేదు. "ఆ రెండూ కూడా ఇలా తీసుకురా, చూస్తాను. నాలుగూ చూస్తాను."

"ఇప్పుడొచ్చిందా నోరు," అంది డ్రైవరమ్మ, అతని వైపు తిరక్కుండానే. తిరిగి, రెండు చేతులతో మొదటి టైరుని అతని కుర్చీవైపు గట్టిగా ఒక్క తోపు తోసింది. అది అవసరమైనదానికంటే వేగంగా వెళ్ళింది. మాస్టారు కాళ్ళు పక్కకి లాక్కుని, కుడిచేత్తో దాన్ని పట్టి ఆపాడు.